కినుయోకి ఏమీ వినపడదు

చినాత్సు మిఠాయి డబ్బా పట్టుకుని తలుపు తట్టిన రోజున కినుయో ఒక అబద్ధం ఆడింది. యైజు రేవు వెనకాల ఆ మూడంతస్తుల పాత ఇళ్ళలో కాపురమున్న వాళ్ళంతా బుద్ధెరిగినప్పటి నుంచీ ఆడుతున్న అబద్ధమే అది. అక్కడ దాన్ని అబద్ధం అనరు, మర్యాద అంటారు. ఈసారి మాత్రం ఆ మర్యాద ఒక పసిదాని ప్రాణం మీదికి తెచ్చింది.

చినాత్సుకి ఇరవై ఆరేళ్ళుంటాయి. రెండో అంతస్తులో కినుయో పక్క వాటాలోకి వచ్చి నాలుగు నెలలైంది. మొగుడు రియోహే సూర చేపలు పట్టే పెద్ద పడవ మీద పనివాడు. దక్షిణాదికి వెళ్తే యాభై రోజులకి గానీ ఒడ్డు మొహం చూడడు. ఆ రోజు ఆ అమ్మాయి ఐదు వారాల పిల్లని గుడ్డతో గుండెలకి కట్టుకుని, గుమ్మంలో నిలబడి నడుం వంచింది. పిల్ల పేరు కోహరు.

"మా పిల్ల ఒకటే ఏడుపండీ. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెడుతున్నాం. క్షమించండి మామ్మగారూ," అంటూ పూర్ణం బిళ్ళల డబ్బా రెండు చేతులతో అందించింది.

"ఏడుపా? ఎవరి ఏడుపమ్మా? మాకేం వినపడదు. ఈ గోడలు మందం తల్లీ," అంది కినుయో.

గోడలు మందమట! పక్కింట్లో అన్నం గిన్నె మీద మూత తీస్తే ఈ ఇంట్లో తెలుస్తుంది. పైగా కినుయోవి పాము చెవులు. పిల్ల ఎప్పుడు లేచిందో, ఎన్ని గుక్కలు పట్టిందో, ఎప్పుడు వెక్కిళ్ళలోకి దిగిందో అన్నీ తెలుసు ఆవిడకి. కానీ ఏం చెయ్యమంటారు? "అవునమ్మా, వినపడుతోంది" అంటే ఆ ఊళ్ళో దానికి ఒకటే అర్థం, ముందు పిల్ల నోరు మూయించమని. వయసు మళ్ళిన మనిషి బాలింతని పట్టుకుని అంత మాట అంటుందా? అందుకే వినపడదంది. ఆ అమ్మాయి ఇంకోసారి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

కినుయోకి డెబ్భై మూడేళ్ళు. పదిహేడో ఏట మొదలుపెట్టి నలభై ఒక్క ఏళ్ళు సూర చేపల కొట్టంలో ముళ్ళు తీసింది. ఉడికిన చేపని నీళ్ళ తొట్టెలో ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చిన్న పట్టకారు పట్టుకుని, ఒక్కో ముల్లూ లాగాలి. ఒక్కటి మిగిలినా పొగబెట్టి ఎండేసేటప్పుడు చేప దిమ్మ నిలువునా పగులుతుంది. కంటికి కనపడేవి ఎవరైనా తీస్తారు, కినుయో వేలితో తడిమి లోపలివి కూడా తీసేది. కొట్టంలో కొత్త పిల్లలకి పని నేర్పింది ఆవిడే, తిట్టిందీ ఆవిడే. మొగుడు ఇసాము కూడా పడవ మనిషే, పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కతే కూతురు సుమిరె. పక్క ఊళ్ళో బస్సు నడుపుతుంది, సెలవు రోజున వచ్చి తల్లి చేతి ముల్లంగి ఊరగాయ తిని, తల్లితో ఒక పూట పోట్లాడి వెళ్తుంది. ఆ ఇంట్లో లోటేమీ లేదు.

మొదట్లో పక్కింటి నుంచి పాట వినపడేది. చినాత్సు గొంతు సన్నం. పిల్ల ఏడుస్తుంటే జోల పాడుతూ గదిలో అటూ ఇటూ తిరిగేది. రెండు వారాలు తిరిగేసరికి పాట పోయి మాటలు మిగిలాయి. "ఎందుకమ్మా, ఏం కావాలమ్మా" అని బతిమాలేది. ఇంకో వారానికి మాటలు కూడా పోయాయి. పిల్ల ఏడుపు ఒక్కటే మిగిలింది. ఇంట్లో తల్లి ఉన్నట్టే లేదు, కానీ ఉంది, కినుయోకి ఆ అడుగులు తెలుస్తూనే ఉన్నాయి.

చెత్త వేసే రోజు పొద్దున్న మెట్ల దగ్గర ఎదురుపడితే పలకరించింది.

"మీ అమ్మగారు రాలేదా అమ్మాయ్? పురిటికి పుట్టింటికి పోలేదేం?"

"ఎక్కడో దూరాన అకితాలో ఉంటుందండీ అమ్మ. మా అమ్మమ్మ మంచం పట్టింది, అమ్మే చూసుకోవాలి. ఇంట్లో ఇద్దరికి చోటు లేదు. పర్లేదండీ, నేను బాగానే ఉన్నాను."

"మరి మీ అత్తగారు?"

"ఆవిడ ముగ్గుర్ని ఒక్కచేత్తో పెంచారటండీ. ఈ కాలం పిల్లలకి ఓపిక తక్కువన్నారు." చినాత్సు నవ్వింది. పెదాలు ఎండి చిట్లిపోయి ఉన్నాయి. "నిజమేనేమో. నేను బాగానే ఉన్నాను మామ్మగారూ."

ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లనీ చూడటానికి ఒక నర్సు వస్తుంది, ఆరోగ్యమ్మ అంటారు. ఆవిడ వచ్చిన రోజు చినాత్సు ఇల్లు తళతళలాడేలా తుడిచింది, చెప్పులు వరసగా పేర్చింది, టీ ఇచ్చింది. గోడకి ఇవతల కూర్చున్న కినుయోకి "నేను బాగానే ఉన్నానండీ" అన్న మాట మూడుసార్లు వినపడింది. ఆరోగ్యమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది. ఇల్లు అద్దంలా ఉంటే లోపలి మనిషి కూడా అలాగే ఉంటుందనుకోవడం కొత్తేమీ కాదు.

జూన్ వాన మొదలైన వారంలో కినుయో దిండు గలీబు కోసం పరుపుల అల్మరా తలుపు జరిపింది. జరపగానే లోపల్నించి పసిపిల్ల ఏడుపు వచ్చింది. మడిచిన పరుపుల వెనకాల గోడలోంచి వస్తోంది ఆ ఏడుపు, గుడ్డలు కప్పినట్టు, గొంతు అణిచినట్టు. అన్ని వాటాలూ ఒకే మూసలో కట్టినవే. కినుయో అల్మరా వెనక గోడకి అవతలి వైపున్నది చినాత్సు అల్మరా.

పిల్లని అల్మరాలో పెట్టింది.

కాసేపటికి అవతల జారుడు తలుపు తెరిచిన చప్పుడు, అడుగులు, పాలు కలుపుతున్న చప్పుడు అయ్యాయి. కినుయో ఊపిరి పీల్చుకుంది. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే తంతు. ఆ మర్నాడు కూడా. పిల్ల ఏడుస్తుంది, ఏడుస్తుంది, తర్వాత ధడాలున అల్మరా తలుపు మూసిన మోత, తర్వాత ఏడుపు సన్నబడిపోతుంది. నెమ్మదిగా జరిపితే ఆ తలుపు అసలు చప్పుడే చెయ్యదు. ఈ అమ్మాయి మాత్రం ఎవరిమీదో కక్ష ఉన్నట్టు మూస్తోంది. ఎంత కోపమో అనుకుంది కినుయో. మొదటి రోజు ఆ తలుపు ఐదు నిమిషాల్లో తెరుచుకుంది. నాలుగో రోజున అరగంట దాకా తెరుచుకోలేదు.

కొట్టంలో పాత స్నేహితురాలు ఫుసాయె టీకి వస్తే కినుయో ఉండబట్టలేక చెప్పేసింది. ఫుసాయె నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఒసేయ్ కినూ, ఇంత విని కూర్చున్నావా? పిల్లల్ని కష్టపెడితే చెప్పమనే ఆ మూడంకెల నంబరుకి ఫోను కొట్టు. పేరు చెప్పక్కర్లేదు, వాళ్ళే వస్తారు."

"వస్తారు. ఆ పిల్ల మళ్ళీ ఇల్లు తుడుస్తుంది. బాగానే ఉన్నానంటుంది. వాళ్ళు వెళ్ళాక ఎవరు చెప్పారో దానికి తెలీదా? ఈ మెట్ల మీద మా అంతస్తులో ఉన్నవి రెండే వాటాలు. ఆ తర్వాత నాకు తలుపు తీస్తుందా?"

"అయితే వెళ్ళి నువ్వే అడుగు."

"ఏమని అడగను? నాకేం వినపడదని చెప్పానుగా!"

ఫుసాయె కొరికిన ముల్లంగి ముక్క నోట్లోనే పెట్టుకుని చూసింది. "అది మర్యాదకి అన్నమాట. మర్యాదకి అన్నదాన్ని ఎవరన్నా నమ్ముతారుటే?"

"నమ్మిందేమోనని నాకు భయంగా ఉంది," అంది కినుయో.

"ఇంకో రెండ్రోజులు చూసి నువ్వు కొట్టకపోతే నేను కొడతాను ఫోను. నాకేం మొహమాటం లేదు," అని ఫుసాయె చెప్పులేసుకుంది.

ఆ మర్నాడే మెట్ల మీద చినాత్సు ఎదురైంది. పిల్ల గుండెలమీద నిద్రపోతోంది. వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయేది కాస్తా ఆగింది.

"మామ్మగారూ, మీకు నిజంగా ఏమీ వినపడదా?"

గొంతు ఎలాగో ఉంది. కినుయో ఆ గొంతుని గుర్తుపట్టాల్సింది. యాభై ఏళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగిన మనిషి, వేలితో తడిమి ముల్లు పట్టే మనిషి, అప్పుడు పట్టుకోలేకపోయింది. పాత అలవాటే నోటికి అడ్డంపడింది.

"అస్సలు వినపడదమ్మా. నువ్వేం బెంగపెట్టుకోకు."

"అలాగా," అంది చినాత్సు. "అయితే మంచిదేలెండి."

ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే కినుయోకి చేతులు ఆగిపోయాయి. అయితే మంచిదేలెండి అంటున్నప్పుడు ఆ అమ్మాయి కళ్ళు ఎక్కడున్నాయో గుర్తొచ్చింది. కినుయో మొహం మీద లేవు, ఆవిడ చేతుల మీద ఉన్నాయి. ఓరి దేవుడా, అది క్షమాపణ కాదు, సాయం అడగటం! నా మొహం మండా, అడిగిన దాన్ని అడగనట్టు చేసి పంపించేశానే అని తనని తానే తిట్టుకుంది. వెంటనే వెళ్ళి తలుపు తట్టి ఉండాల్సింది. రేపు ముల్లంగి ఊరగాయ పట్టుకుని వెళ్దాం, ఊరికే వెళ్తే బాగుండదు అనుకుంది. చూశారా, అప్పుడు కూడా మర్యాదే!

ఆ రేపు వానతో తెల్లారింది. మధ్యాహ్నం నుంచే పిల్ల ఏడుపు అందుకుంది. నాలుగు దాటినా ఆగలేదు. గిన్నెలో ఊరగాయ సర్దుతున్న కినుయోకి అల్మరా తలుపు ధడాలుమన్న మోత వినపడింది. ఏడుపు సన్నబడింది. ఇంకేదో బరువైనది ఈడ్చిన చప్పుడు. ఏడుపు ఇంకా సన్నబడింది. తర్వాత వీధి తలుపు వేసిన చప్పుడు, మెట్ల మీద అడుగులు.

తేలిక అడుగులు. ఎత్తుకున్న బరువు లేని అడుగులు.

కినుయో బాల్కనీలోకి పరుగెత్తి చూసింది. చినాత్సు గొడుగు లేకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే రేవు గట్టు వైపు నడిచిపోతోంది. చేతులు రెండూ ఖాళీగా ఊగుతున్నాయి. "చినాత్సూ!" అని అరిచింది. వానలో మాట అందలేదు.

మెట్ల వైపు వెళ్ళి పక్క వాటా తలుపు లాగింది, తాళం వేసి ఉంది. మళ్ళీ తన ఇంట్లోకి వచ్చి అల్మరా తెరిచి గోడకి చెవి ఆనించింది. ఏమీ లేదు. ఏడుపు లేదు, ఎక్కిళ్ళు లేవు. నిజంగానే ఏమీ వినపడలేదు. అన్ని వారాల్లో అదే మొదటిసారి.

ఫోను చేస్తే అంబులెన్సు పది నిమిషాల్లో వస్తుంది. పరుపుల మధ్య పది నిమిషాలంటే ఎంతో కినుయోకి తెలుసు. ఎలా తెలుసో ఈ డెబ్భై మూడేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

రెండు బాల్కనీలకీ మధ్య ఒక పలుచటి సిమెంటు రేకు పలక ఉంది. "ఆపద వస్తే దీన్ని పగలగొట్టి పక్కకి వెళ్ళండి" అని దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. యాభై ఏళ్ళుగా దాని పక్కనే బట్టలారేస్తోంది కినుయో. నిప్పంటుకున్నప్పటి సంగతి అనుకుంది. కాలితో తన్నింది, పలక ఊగింది గానీ విరగలేదు. ఊరగాయ జాడీ మీద బరువుకి పెట్టే రాయి తెచ్చింది. రెండు చేతులా ఎత్తి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. రెండో దెబ్బకి పలక పగిలింది. ఆ కంతలోంచి వంగి దూరితే మోచెయ్యి చీరుకుపోయింది. చూసుకోలేదు.

బాల్కనీ తలుపు గడియ పెట్టి లేదు. గది శుభ్రంగా ఉంది. అల్మరాకి అడ్డంగా బట్టల పెట్టె ఈడ్చిపెట్టి ఉంది. దాన్ని తోసేసి తలుపు జరిపింది. కింది అరలో, మడిచిన రెండు పరుపుల మధ్య సందులో కోహరు పడుకుని ఉంది. మొహం కందిపోయి, జుట్టు చెమటకి తడిసి అంటుకుపోయి ఉంది. కదలడం లేదు.

కినుయో ఆ పిల్లని లాగి భుజాన వేసుకుంది. వీపు నిమిరింది. "కోహరూ, తల్లీ, బంగారూ, లే అమ్మా," అంటూ తట్టింది. వేళ్ళతో పక్కటెముకలు తడిమింది. ఒకటి, రెండు, మూడు. మూడో ఎముక కింద వేలికి చిన్న కదలిక తగిలింది. పిల్ల ఒక్కసారి ఊపిరి లాగి, గొంతు చించుకుని ఏడ్చింది. అంత కమ్మటి చప్పుడు కినుయో తన జన్మలో వినలేదు. బాల్కనీ తలుపు దగ్గర చాప మీద కూలబడి, చల్లగాలి తగిలేలా ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ కూడా ఏడ్చింది.

ఐదు గంటలకి ఊరి స్తంభాల మీది మైకుల్లో ఎప్పుడూ వచ్చే పాట వచ్చింది, ఆడుకునే పిల్లలు ఇళ్ళకి పోవాలని చెప్పే పాట. అది అయిపోయిన కాసేపటికి తాళం తిరిగింది. చినాత్సు గుమ్మంలో నిలబడింది. నెత్తి నుంచి నీళ్ళు కారుతున్నాయి. తెరిచిన అల్మరాని చూసింది, పగిలిన పలకని చూసింది, కినుయో ఒళ్ళో పిల్లని చూసింది.

కినుయో నోటికి తనది కాని మాట వచ్చింది. యాభై ఏళ్ళ కిందట వాళ్ళమ్మ అన్నమాట.

"వెళ్ళి స్నానం చేసి రా. పిల్లని నేను చూస్తాను."

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. మధ్యలో ఆగితే కినుయో "అమ్మాయ్!" అని కేకేసింది, "ఉన్నానండీ" అని జవాబు వచ్చింది. పిల్ల సీసాడు పాలు తాగింది. చినాత్సు జుట్టు తుడుచుకుని వచ్చి, దూరంగా గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్లని ఇమ్మని అడగలేదు.

"గట్టు చివరిదాకా వెళ్ళానండీ. ఎందుకు వెళ్ళానో తెలీదు. తిరిగి రావాలో వద్దో కూడా తెలీలేదు. ఆ ఐదు గంటల పాట వచ్చింది. వచ్చేశాను."

కినుయో పిల్ల వీపు తడుతూ మెల్లగా మొదలుపెట్టింది. "మా సుమిరె మూడు నెలల పసిదిగా ఉన్నప్పుడు మా ఆయన పడవ మీద ఉన్నాడు. అది ఏడుపు ఆపదు. ఒకరోజు దాని మొహం మీద బొంత కప్పి అదిమాను. అదమలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అదిమాను. మా అమ్మ దండెం మీద బట్టలారేసి లోపలికొచ్చింది. నా చేతులు చూసింది. ఏమీ అనలేదు. పిల్లని తీసుకుని, వెళ్ళి స్నానం చేసి రావే, చేపల కంపు కొడుతున్నావు అంది. అంతే. నెలకని వచ్చిన మనిషి, పిల్ల అన్నం తినేదాకా ఇంటికి పోలేదు."

చినాత్సు తలెత్తి చూసింది.

"మా అమ్మ లేకపోతే నేనేమయ్యేదాన్నో నాకు తెలుసు. నీకు మీ అమ్మ రాలేకపోయింది, నాకు మా అమ్మ వచ్చింది. నీకూ నాకూ తేడా అదొక్కటేనే తల్లీ. ముందు ఇప్పుడే పిల్లని డాక్టరుకి చూపిద్దాం, నేనే ఎత్తుకుంటాను. రేపు పొద్దున్న ఆ ఆరోగ్యమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. ఉన్నదున్నట్టు చెప్దాం. అక్కడ నువ్వు బాగానే ఉన్నానన్నావంటే కాలు తొక్కుతా, చూసుకో. ఇవాళ్టి నుంచి మధ్యాహ్నాలు పిల్ల నా దగ్గరుంటుంది. ఆ పలక మాత్రం బాగుచేయించనివ్వను. ఎవరొచ్చి అడిగినా సరే, ఆపద వచ్చింది, పగలగొట్టాను అంటాను."

చినాత్సు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. తర్వాత మళ్ళీ అదే అడిగింది, తల దించుకుని.

"మామ్మగారూ, మీకు నిజంగా వినపడేది కాదా?"

"వినపడేది," అంది కినుయో. "మొదటి రోజు నుంచీ అంతా వినపడింది. అబద్ధం చెప్పాను."

చినాత్సు అల్మరా వైపు చూసింది.

"ఆ తలుపు మూసినప్పుడల్లా గట్టిగా మూసేదాన్నండీ," అంది. "మీరు విని వస్తారేమోనని."